4 ఆంగ్‌స్ట్రామ్‌ల డేటా పనికొస్తుందా?

ప్రశ్న: నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఏడాదిపాటు కష్టపడితే మెంబ్రేన్ ప్రొటీన్ స్ఫటికాలు వచ్చాయి, కానీ ఎక్స్‌రే డేటా 4 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరే ఆగిపోయింది. ల్యాబ్‌లో అందరూ పక్కన పెట్టేయమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పక్కన పెట్టకండి. ఆంగ్‌స్ట్రామ్‌లలో చెప్పే ఈ అంకె రిజల్యూషన్, అంటే ఎంత చిన్న వివరం విడిగా కనిపిస్తుందన్నది, అంకె పెరిగేకొద్దీ చిత్రం మసకబారుతుంది. 1958లో బ్రిటిష్ శాస్త్రవేత్త కెండ్రూ బృందం కండరాల్లోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఆకారాన్ని మొదటిసారి లోకానికి చూపించింది 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, అంటే మీ డేటా కంటే మసకగా. ప్రొటీన్ గొలుసు ఎలా మెలికలు తిరిగిందో, ఆక్సిజన్‌ను పట్టుకునే హీమ్ ఎక్కడుందో అందులోనే తెలిసింది.

ఇబ్బందల్లా లెక్కలో ఉంది. 2 నుంచి 4 ఆంగ్‌స్ట్రామ్‌లకు వస్తే రిఫ్లెక్షన్లు (స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్‌రేల చుక్కలు, అంటే మీ కొలతలు) సగం కావు, ఎనిమిదో వంతుకు పడిపోతాయి. ఒక్కో పరమాణువుకు మూడు స్థానాంకాలు, అది ఎంత కదులుతోందో చెప్పే ఒక బి-ఫ్యాక్టర్ తేల్చాలి కదా, అన్నిటికీ మీ కొలతలు చాలవు. ఆ లోటును ముందే తెలిసిన వాటితో పూడ్చాలి: బంధాల పొడవులు, కోణాలు, హెలిక్స్‌లోని (గొలుసు మరమెట్లలా చుట్టుకున్న భాగం) హైడ్రోజన్ బంధాలు, స్ఫటికంలో ఒకే ప్రొటీన్ ప్రతులు రెండు మూడుంటే వాటి మధ్య పోలిక. దగ్గరి ప్రొటీన్ నిర్మాణం మంచి రిజల్యూషన్‌లో దొరికితే ఇంకా మేలు. 2010లో వచ్చిన డెన్ పద్ధతి చేసేది అదే, ఆ నమూనాలోని దూరాలను స్ప్రింగుల్లా పట్టుకుని, మీ డేటా గట్టిగా లాగిన చోట మాత్రం వదులుతుంది.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. గొలుసు కోణాలు సాధ్యమైనవేనా అని చూపే రామచంద్రన్ ప్లాట్‌ను రిఫైన్‌మెంట్‌లో (మోడల్‌ను డేటాకు తగ్గట్టు సరిదిద్దే దశలో) షరతుగా వాడేశాక, అదే ప్లాట్ బాగుందని చూపించి మోడల్ సరైనదని చెప్పకూడదు, మీరు చెప్పిందే అది మళ్లీ మీకు చెబుతోంది. మోడల్‌ను విడిగా పరీక్షించే ఆర్-ఫ్రీ అనే కొలమానం కోసం తీసిపెట్టిన రిఫ్లెక్షన్లను మొదటి నుంచి చివరి దాకా ముట్టుకోవద్దు.

ఈ భయం ఊరికే కాదు. 2001లో ఎంఎస్‌బీఏ అనే ప్రొటీన్ నిర్మాణం 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర అచ్చయింది. సొంత ప్రోగ్రామ్‌లో గుర్తు తారుమారై అద్దంలో బొమ్మలా కుడిచేతి వాటం ఎడమైపోయింది, అంత మసకలో అది కంటికి ఆనలేదు. 2006లో దాని బంధువు ఎస్‌ఏవీ1866 నిర్మాణం 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వచ్చాక గాని తప్పు బయటపడలేదు, ఐదు పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మీ రిజల్యూషన్‌లో అన్నిటికంటే తేలిగ్గా జరిగే పొరపాటు, హెలిక్స్ సరిగ్గానే ఉన్నా అమైనో ఆమ్లాల వరుస ఒకటి రెండు స్థానాలు జరిగిపోవడం. అందుకే వీలుంటే సెలీనోమెథియోనిన్ (మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం బదులు సెలీనియం ఉన్నది) పెట్టి మళ్లీ స్ఫటికాలు పెంచండి. డేటా ఇంతే మసకగా ఉన్నా సెలీనియం శిఖరాలు ఎక్కడున్నాయో చూస్తే ఏ మెథియోనిన్ ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది, అక్కడి నుంచి వరుస సరిచూసుకోవచ్చు. అమైనో ఆమ్లాల సైడ్ చైన్లు (పక్క కొమ్మలు) కనిపించని చోట వాటి గురించి పేపర్‌లో ఏమీ రాయకండి.