థీసిస్ ఆర్నెల్లు సాగింది, 12 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి జర్మనీలో ఎంఎస్ చదువుతున్నాడు. రెండేళ్ల కోర్సు మార్చికి అయిపోవాలి కానీ, థీసిస్ తేలడానికి ఇంకో ఆర్నెల్లు పడుతుందంటున్నాడు. రెసిడెన్స్ పర్మిట్ ఏప్రిల్ వరకే ఉంది. పొడిగించాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత చొప్పునే డబ్బు బయటికి వచ్చే ఖాతా) మళ్ళీ ఏడాది ఖర్చు, 12 లక్షల దాకా వేయాలట. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న 20 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌లో 17 లక్షలు వాడాం. సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో ఉన్నది తీసేయమంటారా? ఎఫ్‌డీలు కూడా కొన్ని ఉన్నాయి.

జవాబు: స్కీమ్ జోలికి పోవద్దు. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసల్లోంచి 1.5 శాతం, ఆ తర్వాతైతే 1 శాతం కోస్తారు. పైగా మూడు నెలలకోసారి మీకొచ్చే వడ్డీ ఆగిపోతుంది.

వీసా సంగతి అలా ఉంచి ముందు మీ బ్యాంకుకు వెళ్ళండి. చాలామంది దెబ్బతినేది అక్కడే. లోన్ మారటోరియం (ఈఎంఐ కట్టక్కర్లేని గడువు) శాంక్షన్ లెటర్లో రాసిన కోర్సు తేదీ నుంచి లెక్క. అబ్బాయి చదువు సాగిందని ఎవరూ చెప్పకపోతే కంప్యూటర్ పాత తేదీకే ఈఎంఐ మొదలుపెట్టేస్తుంది. 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది, మీ ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. బ్యాంకుల నమూనా పథకంలో కోర్సు పూర్తికి గరిష్ఠంగా రెండేళ్ల గడువు పెంచే వీలుంది. కావలసింది ఒక్కటే: థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందో తేదీ వేసి యూనివర్సిటీ ఇచ్చిన లెటర్. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు, మేనేజర్లు బదిలీ అయిపోతుంటారు. గడువు పెరిగినా వడ్డీ ఆగదు. 10 శాతం అనుకుంటే 17 లక్షల మీద ఆర్నెల్లకు 85 వేలు. వీలైతే అది నెలనెలా కట్టేయండి.

అదే రోజు ఇంకోటి అడగండి: వాడని 3 లక్షలు ఇప్పుడు విడుదల చేస్తారా అని. ఇవ్వకపోవచ్చు కూడా, కానీ ఇస్తే ఇంతకన్నా సులువైన డబ్బు లేదు.

ఇక ఎంత చూపించాలి? 2024 సెప్టెంబరు నుంచి లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. యూరో వంద రూపాయలనుకుంటే మీరన్న 12 లక్షలు అదే. మీవాడికి కావలసింది ఆర్నెల్లు, అంటే 5,952 యూరోలు, దాదాపు 6 లక్షలు. ఆర్నెల్లకే పర్మిట్ ఇస్తారా, ఏడాదికి చూపించమంటారా అన్నది ఆ ఊరి విదేశీయుల కార్యాలయాన్ని బట్టి మారుతుంది. కన్సల్టెన్సీ మాట మీద డబ్బు పంపకుండా, అబ్బాయిని అక్కడికే ఈమెయిల్ పెట్టి అడగమనండి. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉంటే కాంట్రాక్టు, జీతం స్లిప్పులు జత చేస్తే కొన్ని చోట్ల ఆ మేరకు తగ్గిస్తారు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పరిమితి దాటకూడదు, యూనివర్సిటీలోనే చేసే అసిస్టెంట్ పని ఆ లెక్కలోకి రాదు.

బ్యాంకు 3 లక్షలు ఇస్తే మిగతా 3 లక్షలకు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం కలుపుతారు, వాడిన రోజులకే వడ్డీ. బ్లాక్డ్ అకౌంట్లో డబ్బు ఎటూ పోదు, నెలకింత చొప్పున అబ్బాయి ఖర్చులకే వస్తుంది.

పంపేటప్పుడు ఫారంలో పర్పస్ ‘విదేశీ విద్య’ అని పెట్టించి, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ ఇవ్వండి. 2025-26లో ఒకరి పాన్ మీద అన్ని బదిలీలూ కలిపి 10 లక్షలు దాటితే, పైదానికి విద్యకు 5 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడేది. ‘కుటుంబ పోషణ’ అని టిక్ పెడితే 20 శాతం పడేది. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి నేరుగా వెళ్ళే సొమ్ముకు టీసీఎస్ లేదు. ఒకవేళ ఏడాదికి చూపించాల్సి వచ్చి అంతా సొంత డబ్బే అయితే 11,90,400లో 1,90,400 మీద ఆ 5 శాతం లెక్కన 9,520 రూపాయలు కోత. రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో పంపితే ఆర్థిక సంవత్సరం మారుతుంది కాబట్టి ఆ కోత కూడా ఉండదు. మీ ఆవిడకు సొంత సొమ్ము ఉంటే ఆవిడ పాన్ మీద వేరే 10 లక్షల పరిమితి ఉంది.

మధ్యలోని బ్యాంకుల ఛార్జీలు పంపేవాళ్ళే భరించేలా ‘అవర్’ ఆప్షన్ అడగండి. లేకపోతే దారిలో పదో ఇరవయ్యో యూరోలు తెగి, మొత్తం తక్కువైందని బ్లాక్డ్ అకౌంట్ వాళ్ళు నిర్ధారణ పత్రం ఇవ్వరు. మళ్ళీ పంపి, మళ్ళీ ఎదురుచూడాలి.

దీనికి ఇక్కడ వీసా అపాయింట్‌మెంట్ ఏదీ అక్కర్లేదు, పనంతా జర్మనీలోనే. పర్మిట్ గడువు ముగియకముందే దరఖాస్తు పడాలి. అలా పడితే నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ చెల్లుతుంది, ఆ మేరకు తాత్కాలిక పత్రం ఇస్తారు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ రక్షణ మీద భరోసా ఉండదు. అపాయింట్‌మెంట్లు నెలల తరబడి దొరకని ఊళ్ళున్నాయి కాబట్టి, జనవరిలోనే ఆన్‌లైన్లో లేదా ఈమెయిల్‌లో దరఖాస్తు పెట్టి ఆ రుజువు దాచుకోమనండి. డబ్బు పత్రం తర్వాత జత చేయవచ్చు. మూడు నెలలకు మించిన పొడిగింపుకు ఫీజు 93 యూరోలు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా చూసుకోమనండి, 30 ఏళ్లు నిండితే విద్యార్థి రేటు పోయి ప్రీమియం బాగా పెరుగుతుంది.