పట్టా భూమిలో అడవిపందిని చంపొచ్చా? గ్రామసభ తీర్మానం సరిపోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది వికారాబాద్ జిల్లా. అడవి అంచున నాకు రెండెకరాల పట్టా భూమి ఉంది. మొక్కజొన్న కంకి పాలు పట్టే టైముకు పందులు పడి సగం చేను నేలమట్టం చేశాయి. కరెంటు తీగ పెడదామని పక్క చేనాయన అంటున్నాడు. వచ్చే వారం గ్రామసభ ఉంది. పందుల్ని చంపాలని సభలో తీర్మానం చేస్తే చాలా? అదే సభలో ఇందిరమ్మ ఇళ్ల జాబితా చదువుతారట. నేను ఉండేది మా అన్న ఇంట్లో. నన్ను సొంత ఇల్లు ఉన్నవాళ్ల కింద రాశారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ తీగ ఆలోచన మానేయండి. పక్కాయనకు కూడా నచ్చజెప్పండి. ఇలాంటి కేసు ఒకటి నేను చూశాను. మోటారు వేయడానికి తెల్లవారుజామున గట్టు మీద నడిచి వచ్చిన కుర్రాడు తీగ తగిలి అక్కడికక్కడే పోయాడు. పంచనామా ఫొటోలో గట్టు మీద ఒక చెప్పు, ఆరకుండా వెలుగుతున్న టార్చిలైటు. తీగ పెట్టిన రైతు, చనిపోయిన పిల్లాడి తండ్రి ఒకే వాడవాళ్లు. ఇలాంటప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రాణం పోతుందని తెలిసే పెట్టాడని తేలితే 105వ సెక్షన్ కింద ఇంకా పెద్ద కేసు అవుతుంది. లైను నుంచి కరెంటు లాగినందుకు విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు వేరు.

ఇక పంది సంగతి. భూమి మీదే అయినా దాని మీద తిరిగే అడవి జంతువు మీది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో వేటను నిషేధించే 9వ సెక్షన్ పట్టా భూమి, అటవీ భూమి అని తేడా చూడదు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే చట్టం రక్షించే జంతువుల జాబితాల్లో రెండోదానిలో ఉంది. వేట అంటే తుపాకీతో కాల్చడమే అనుకుంటారు చాలామంది. ఉచ్చు బిగించినా, విషం పెట్టినా, వల పన్నినా, చివరికి వాటికి ప్రయత్నించినా చట్టం దృష్టిలో వేటే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ ఉచ్చులో పంది బదులు నెమలి పడిందనుకోండి, అది మొదటి షెడ్యూలు పక్షి. శిక్ష మూడేళ్ల నుంచి మొదలై ఏడేళ్ల దాకా ఉంటుంది. పంట కాపలాకని తుపాకీ లైసెన్సు ఉన్నా అది ఆయుధం దగ్గర పెట్టుకోవడానికి అనుమతి, వేటకు కాదు.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. అదే చట్టం 11వ సెక్షన్‌లో, రెండో షెడ్యూలు జంతువు ఏ భూమిలో ఉన్న పంటకైనా ప్రమాదంగా మారితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి వేటకు అనుమతి ఇవ్వొచ్చని ఉంది. ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి. మనిషి మీదికి దూకినప్పుడు ప్రాణరక్షణ కోసం చంపితే అది నేరం కాదు. కానీ చేను కాపాడుకోవడం ఆ మినహాయింపులోకి రాదు. అనుమతితో చంపినా, ఆత్మరక్షణకు చంపినా ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. కూర వండుకుంటే మళ్లీ కేసే.

గ్రామసభ తీర్మానం ఒక్కటే చాలదు. మీ ఊళ్లో తీర్మానం పనికొచ్చేది దరఖాస్తుకు బలంగా. "ఫలానా సర్వే నంబర్లలో, ఫలానా తేదీల్లో ఇంత పంట పోయింది" అని స్పష్టంగా రాయించండి. ఊరికే "పందుల బెడద ఉంది" అంటే ఎవరూ పట్టించుకోరు. దాని నకలు జతచేసి ఫారెస్ట్ రేంజ్ అధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పరిహారం కోసం కూడా చేను దున్నేయకముందే పిలవండి. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి), అటవీ శాఖ బీట్ అధికారి వచ్చి అడుగుల గుర్తులు, విరిగిన కంకులు చూసి రాసుకోవాలి. ఫొటోలు తేదీ పడేలా తీయండి. చేను చుట్టూ పాత చీరలు కట్టడం, సోలార్ ఫెన్సింగ్ వేయడం తప్పు కాదు.

ఇల్లు విషయం తేలిక. ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉందో చూడండి. అది మీ అన్న పేరున ఉంటే మీకు ఇల్లు లేదనడానికి మంచి ఆధారం. రేషన్ కార్డు ఇద్దరికీ ఒకటే అయితే ఒకే కుటుంబంగా లెక్కేస్తారు కాబట్టి కార్డు వేరు చేయించుకోవడం ముఖ్యం. సభలో లేచి చెప్పి ఊరుకోవద్దు. అభ్యంతరం రాసివ్వండి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. అదే కాగితం ఎంపీడీఓకు, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఇవ్వండి. ఏ కారణంతో ఆ జాబితాలో రాశారో సమాచార హక్కు కింద అడగొచ్చు. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

సభ అయిపోగానే రిజిస్టరులో సంతకం పెట్టమంటారు. పైన ఖాళీ ఉంటే పెట్టకండి. మీరు చెప్పిన రెండు విషయాలూ అందులో రాశారో లేదో చదివి, లేకపోతే అక్కడే రాయించి, అప్పుడు సంతకం చేయండి.