రోజూ చేసే ఫైళ్ల కాపీకి బ్యాచ్ ఫైల్ రాసుకోవచ్చా? ప్రోగ్రామింగ్ రావాలా?

మీరు అడిగింది ఇదీ: రోజూ సాయంత్రం బిల్లుల ఫోల్డర్‌ని చేత్తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారు, దానికి బ్యాచ్ ఫైల్ రాసుకుంటే సరిపోతుందా, లేక పైథాన్ నేర్చుకోవాలా అని. పైథాన్ అక్కర్లేదండీ. బ్యాచ్ ఫైల్ అంటే విండోస్ వరుసగా నడిపే కమాండ్లు రాసుకున్న మామూలు టెక్స్ట్ ఫైల్, పేరు చివర .bat ఉంటుంది. దానికి విండోస్‌లో ఉన్న కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైపు చేసే నల్ల విండో), నోట్‌ప్యాడ్ చాలు. అసలు పని చేసే లైను ఒక్కటే ఉంటుంది. మిగతా లైన్లన్నీ ఆ ఒక్క లైను తప్పు చోట నడవకుండా కాపలా కాయడానికే. ఆ కాపలా లేకుండా రాసి నేను ఒక రోజు పని మొత్తం పోగొట్టాను. అందుకే ముందు అది చెబుతాను.

గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేసేటప్పుడు, సరిగ్గా మీ పనికే మూడు లైన్లు రాశాను. మొదటి లైను సీడీ (cd) కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోని బ్యాకప్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. రెండోది అక్కడున్న పాత ఫైళ్లన్నిటినీ డెల్ (del) కమాండ్‌తో, అడక్కుండా తీసేస్తుంది. మూడోది కొత్తవి కాపీ చేస్తుంది. ఫైల్‌ని లెడ్జర్లున్న ఫోల్డర్‌లోనే పెట్టుకుని, ఇంటికెళ్లే ముందు డబుల్ క్లిక్ చేసేవాణ్ణి. రెండు నెలలు బాగానే నడిచింది.

ఒక శనివారం పెన్‌డ్రైవ్ ఇంకో సిస్టంకి పెట్టి ఉంది. నేను చూసుకోలేదు. డబుల్ క్లిక్ చేశాను, నల్ల విండో మెరిసి పోయింది. ఫోల్డర్ చూస్తే ఖాళీ. బ్యాచ్ ఫైల్ కూడా లేదు. డెల్‌తో పోయినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు కాబట్టి అక్కడా ఏం దొరకలేదు. శుక్రవారం కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికాం. శనివారం ఎంట్రీలన్నీ పక్క సీటు అక్క ఆదివారం ఆఫీసుకొచ్చి, నాతోపాటు కూర్చుని వోచర్లు చూసి మళ్లీ ఎక్కించారు. ఆ రోజు ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకది ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఇంట్లో ఉత్తుత్తి ఫైళ్లు పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అందులోంచి నడిపితే అర్థమైంది. పెన్‌డ్రైవ్ లేదు కాబట్టి మొదటి లైను తప్పింది. కానీ బ్యాచ్ ఫైల్ ఒక లైను తప్పినంత మాత్రాన ఆగదు, తర్వాతి లైనుకి వెళ్లిపోతుంది. డబుల్ క్లిక్ చేసిన ఫైల్ తానున్న ఫోల్డర్‌లోనే మొదలవుతుంది. అంటే డెల్ నడిచేసరికి అది నిలబడి ఉన్నది లెడ్జర్ల ఫోల్డర్‌లో! తనతో సహా అన్నీ చెరిపేసింది. ఇక మూడో లైను చదువుకోవడానికి ఫైలే లేదు.

కాబట్టి మొదటి సంగతి: సీడీ లైను చివర రెండు నిలువు గీతలు (||) పెట్టి, ఆ తర్వాత ఎగ్జిట్ స్లాష్ బీ (exit /b) అని రాయండి. ముందున్నది తప్పితేనే || తర్వాతది నడుస్తుంది, అంటే అక్కడితో ఆగిపోతుంది. సీడీకి స్లాష్ డీ (/d) కూడా తగిలించండి, లేకపోతే డ్రైవ్ మారదు.

ఇంకా మంచిది, మీ పనికి సీడీ, డెల్ రెండూ లేకుండా రాయడం. రోబోకాపీ (robocopy) అనే కమాండ్ విండోస్ విస్టా నుంచి సిస్టంలోనే వస్తోంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు ఫోల్డర్లూ పూర్తిగా రాస్తే, మారిన ఫైళ్లు, కొత్త ఫైళ్లు మాత్రమే తీసుకెళ్తుంది. లోపలి ఫోల్డర్లు కూడా రావాలంటే స్లాష్ ఈ (/E) పెట్టండి. చాలామంది స్లాష్ ఎంఐఆర్ (/MIR) పెట్టమంటారు, మీరు మాత్రం ఇప్పుడే వద్దు. అది మిర్రర్ అన్నమాట: ఇక్కడ లేనిది అక్కడ కూడా ఉంచదు. ఇక్కడ పొరపాటున చెరిపిన బిల్లు అక్కడా పోతే దాన్ని బ్యాకప్ అని ఎలా అంటాం? ఏది పెట్టినా మొదటిసారి స్లాష్ ఎల్ (/L) కలిపి నడపండి. ఏమేం చేస్తుందో జాబితా చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు.

రోబోకాపీతో కొత్తవాళ్లు కంగారుపడేవి రెండున్నాయి. ఎవరైనా తెరిచి ఉంచిన ఫైల్ దొరక్కపోతే, ముప్ఫై సెకన్లకొకసారి చొప్పున 10 లక్షల సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలు సెట్టింగే అది. విండో అలాగే బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. స్లాష్ ఆర్ పక్కన కోలన్ పెట్టి 2 (/R:2), స్లాష్ డబ్ల్యూ పక్కన అలాగే 5 (/W:5) అని ఇవ్వండి, రెండుసార్లు చూసి వదిలేస్తుంది. రెండోది ఎర్రర్‌లెవెల్, అంటే కమాండ్ ముగిశాక పని ఎలా జరిగిందో చెప్పే అంకె. మామూలుగా 0 వస్తేనే పని అయినట్టు. రోబోకాపీకి 1 అంటే కాపీ అయిందని, 0 అంటే కాపీ చేయాల్సింది ఏమీ లేదని. 8, ఆ పైన వస్తేనే తప్పు జరిగినట్టు. ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8 (if errorlevel 8) అని రాస్తే ‘8 లేదా అంతకన్నా ఎక్కువ’ అనే అర్థం కాబట్టి ఆ ఒక్క లైనుతో పట్టుకోవచ్చు. చివర్లో పాజ్ (pause) పెట్టండి, విండో మూసుకుపోకుండా మీరు చదివేదాకా ఆగుతుంది.

పెన్‌డ్రైవ్ అక్షరం కూడా నమ్మకండి. ఇవాళ E: అయినది రేపు F: కావచ్చు, లేదా ఎవరో సినిమాల పెన్‌డ్రైవ్ పెట్టి ఉండవచ్చు. మీ పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న గుర్తు ఫైల్ పెట్టి, ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ (if not exist)తో అది ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి. నా మూడు లైన్లలో లేనిది ఇలాంటి కాపలా లైనే.

ఫైల్‌ని టాస్క్ షెడ్యూలర్ (చెప్పిన టైముకి దానంతటదే నడిపే విండోస్ సాధనం)తోనో, అడ్మినిస్ట్రేటర్‌గానో నడిపితే అది తానున్న ఫోల్డర్‌లో కాకుండా సాధారణంగా విండోస్ సొంత ఫోల్డరైన సిస్టం32లో మొదలవుతుంది. అప్పుడు ‘నేనున్న ఫోల్డర్’ అని చెప్పాలంటే శాతం గుర్తు, టిల్డే, డీ, పీ, సున్నా ఖాళీ లేకుండా వరుసగా (%~dp0) రాయాలి. దీని చివర ఒక బ్యాక్‌స్లాష్ వస్తుంది. దాన్ని కోట్స్‌లో పెట్టి రోబోకాపీకి ఇస్తే ఆ బ్యాక్‌స్లాష్, మూసే కోట్ కలిసిపోయి గందరగోళం అవుతుంది. సున్నా తర్వాత ఒక చుక్క పెడితే చాలు. ఇది కనుక్కోవడానికి నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది.

రోజుకో ఫోల్డర్ చేయాలనుకుంటే డేట్ వేరియబుల్‌ని (%date%, ఇవాళ్టి తేదీ ఇచ్చేది) నేరుగా వాడకండి. అది ఆ సిస్టం రీజియన్ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది, అమెరికా సెట్టింగ్ ఉంటే మధ్యలో స్లాష్‌లు వస్తాయి, ఫోల్డర్ పేరులో అవి కుదరవు. పవర్‌షెల్ (విండోస్‌లోనే ఉన్న ఇంకో కమాండ్ల సాధనం)లోని గెట్-డేట్ (Get-Date)ని పిలిచి సంవత్సరం, నెల, రోజు వరుసలో తెప్పించుకుని, ఫార్ స్లాష్ ఎఫ్ (for /f)తో పట్టుకోండి. బ్యాచ్ ఫైల్‌లో ఫార్ వేరియబుల్‌కి శాతం గుర్తులు రెండు (%%), ప్రాంప్ట్‌లో చేత్తో కొడితే ఒకటే. పాత జవాబుల్లో కనిపించే డబ్ల్యూమిక్ (wmic) పద్ధతి వద్దు, మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టేసింది. ఇంకో మాట: నెల అంకెతో సెట్ స్లాష్ ఏ (set /a) లెక్కలు చేయకండి. ముందు సున్నా ఉంటే దాన్ని ఆక్టల్ (8, 9 అంకెలు లేని లెక్క) అనుకుంటుంది. జూలై దాకా సజావుగా నడిచిన ఫైల్ ఆగస్టులో 08 దగ్గర తప్పు చూపిస్తుంది, సెప్టెంబరులోనూ అంతే, అక్టోబరులో మళ్లీ దానంతటదే బాగవుతుంది.

ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నా రోబోకాపీకి ఇబ్బంది లేదు. తెరమీద డబ్బాలు కనిపించినా పేర్లు సరిగ్గానే వెళ్తాయి. బ్యాచ్ ఫైల్ లోపలే తెలుగు పేరు రాయాల్సి వస్తే, దానికి ముందు సీహెచ్‌సీపీ 65001 (chcp 65001) అని ఒక లైను పెట్టి, నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేయండి, ‘విత్ బామ్ (BOM)’ అని ఉన్నది కాదు.

సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ ఎంచుకోండి, లేకపోతే పేరు చివర .txt తగులుతుంది. ఫైల్‌కి రోబోకాపీ అని మాత్రం పేరు పెట్టకండి. కమాండ్ ప్రాంప్ట్ ఏ కమాండ్‌నైనా మొదట తానున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి ఆ ఫైల్ తనను తానే పిలుచుకుంటూ తిరుగుతుంది.

రాశాక బిల్లుల మీద వద్దు, ఐదారు ఉత్తుత్తి ఫైళ్లున్న ఫోల్డర్ మీద, తెరిచి ఉంచిన కమాండ్ ప్రాంప్ట్‌లోంచి నడపండి. ఒకసారి పెన్‌డ్రైవ్ పెట్టి, ఒకసారి తీసేసి, ఒకసారి వేరే పెన్‌డ్రైవ్ పెట్టి. మూడుసార్లూ తెరమీద ఏమొచ్చిందో మీ లైన్లతో సహా ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.