కొండెక్కిన ఊళ్ళ సంగతులు

ఇటలీలో కొండల మీద ఉండే పాత ఊళ్ళ గురించి పోయిన నెల నాలుగు ముక్కలు రాస్తే ఈ నెల ఉత్తరాలన్నీ వాటి మీదే. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు, అయిదు తీసుకున్నా.

ప్రశ్న: మా పెళ్ళయ్యి పాతికేళ్ళు అవుతోంది, పిల్లలు పది రోజులు ఇటలీ పంపిస్తామంటున్నారు. రోమ్, ఫ్లోరెన్స్ ఎలాగూ ఉంటాయి గానీ నాకు కొండ ఊళ్ళు చూడాలని ఉంది. తొమ్మిది ఊళ్ళు రాసుకున్నా. మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మంగళగిరి మెట్లే ఎక్కలేరు. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ తొమ్మిదిలో ఏడు కొట్టేయండి. కోపం తెచ్చుకోకండి, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆరు రోజుల్లో ఏడు ఊళ్ళు తిరిగి ఇంటికొచ్చాక ఫోటోల్లో ఏది ఏ ఊరో చెప్పలేక మా ఆవిడ ముందు నవ్వులపాలయ్యా. ఈ ఊళ్ళకి పొద్దున పదింటికల్లా టూరిస్టు బస్సులు వచ్చి పడతాయి, సాయంత్రం అయిదు దాటాక వెళ్ళిపోతాయి, ఆ తర్వాతే అది ఊరులా ఉంటది, ముసలాళ్ళు వచ్చి అరుగుల మీద కూర్చుంటారు, పిల్లలు చర్చి ముందు బంతాట ఆడతారు, కిటికీల్లోంచి ఉల్లిపాయలు వేగే వాసన వస్తది. అది చూడాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి. అందుకని రెండు ఊళ్ళు, ఒక్కోచోట రెండేసి రాత్రులు.

మీ అత్తగారి కోసం నేనైతే ఒర్వియేతో, పెరూజా చెప్తా. ఒర్వియేతో రోమ్ నుంచి లోకల్ రైల్లో గంటంబావు. స్టేషను కింద, ఊరు నిటారు రాతి గుట్ట మీద, స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్ ఉంటది, అంటే తాడుతో లాగే ఏటవాలు రైలు పెట్టె. 1888లో మొదలుపెట్టినప్పుడు నీళ్ళ బరువుతో నడిచేదంట, మధ్యలో ఆగిపోయి 1990 నుంచి కరెంటు మీద నడుస్తోంది. దిగాక చిన్న బస్సు ఎక్కితే పెద్ద చర్చి ముందే దింపుతాడు, మోకాలికి పనే లేదు. ఆ చర్చి 1290లో మొదలుపెట్టారు, గోడలు తెలుపూ నలుపూ చారలు చారలుగా ఉంటాయి, ముందు వైపు సాయంత్రం ఎండ పడ్డప్పుడు బంగారం రంగు మొజాయిక్ మెరుస్తది, ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టి ఒక ఐస్‌క్రీమ్ చేతిలో పెట్టి మీరిద్దరూ సందులు తిరిగి రండి.

పెరూజా ఇంకా విచిత్రం, అక్కడ కొండ ఎక్కడానికి ఎస్కలేటర్లు. అవి కూడా మామూలు చోట కాదు, 1540లో ఉప్పు పన్ను దగ్గర గొడవై ఊరు పోప్ మీద తిరగబడితే, మూడో పాల్ పోప్ గెలిచి, ఎదురు తిరిగిన కుటుంబం ఇళ్ళ మీదే కోట కట్టించాడు, ఆ పాత వీధులు కోట కింద అలాగే ఉండిపోయాయి, ఎస్కలేటర్ వాటి మధ్యలోంచి పైకి వెళ్తుంది. అక్కడి రొట్టెలో ఉప్పు ఉండదు, ఆ పన్ను మీద అలకతోనే మానేశారని ఊళ్ళో చెప్పుకుంటారు, నిజమో కాదో గానీ రొట్టె చప్పగా ఉంటది అనేది మాత్రం నిజం. ఒర్వియేతో నుంచి వెళ్ళాలంటే మధ్యలో ఒక రైలు మారాలి. పేపర్ టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గర చిన్న మిషన్లో పెట్టి ముద్ర కొట్టించుకోండి, టికెట్ కొన్నా ముద్ర లేకపోతే ఫైనే. ఇంకోటి, వీధులన్నీ రాళ్ళు పరిచినవి, చక్రాల సూట్‌కేసులు పెద్దవి తీసుకెళ్తే మీ ఆయన మీతో రెండు రోజులు మాట్లాడడు.

ప్రశ్న: సార్, మేం నలుగురు ఫ్రెండ్స్, కారు రెంట్‌కి తీసుకుని టస్కనీ అంతా తిరుగుదామని ప్లాన్. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నడిపినోళ్ళకి ఇటలీ ఒక లెక్కా?
– పటమట, విజయవాడ

జవాబు: నడపడం లెక్క కాదు తమ్ముడూ, బోర్డు చదవడం లెక్క. పాత ఊళ్ళ నడిబొడ్డుకి బయటి కార్లు రాకుండా జెడ్‌టీఎల్ అని పెడతారు, గేటు ఉండదు, పోలీసు ఉండడు, తెల్లటి గుండ్రం చుట్టూ ఎర్ర అంచు ఉన్న బోర్డు, పైన కెమెరా, అంతే. కొన్నిచోట్ల లైట్ల బోర్డు మీద 'వార్కో అత్తివో' అని వెలుగుతది, అత్తివో అంటే యాక్టివ్ కదా దారి తెరిచే ఉందనుకుంటాం, వాడి భావం కెమెరా పనిచేస్తోంది రావద్దు అని. నేను అలాగే అనుకుని ఫోన్లో మ్యాప్ చెప్పినట్టు లోపలికి వెళ్ళి, దారి తప్పాననుకుని బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళా. ఎవరూ ఆపలేదు. ఇంటికొచ్చిన కొన్ని నెలలకి రెండు ఫైన్లు, దానికి తోడు నా అడ్రస్ పోలీసులకి ఇచ్చినందుకు కారు వాళ్ళు విడిగా ఛార్జి, అదీ నా కార్డులోంచే. మా ఆవిడ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్తుంది ఈ కథ.

కాబట్టి కారు ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి నడవండి. తెల్ల గీతలు ఫ్రీ, నీలం గీతలు డబ్బులు, పసుపు గీతల జోలికి పోకండి. అక్కడ కుడి వైపు నడపాలి, ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగాలి. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఓలో తీసుకుని వెళ్ళాలి, అక్కడికి వెళ్ళాక ఇచ్చేవాళ్ళు ఉండరు.

ప్రశ్న: ఏ నెల మంచిది?
– తెనాలి

జవాబు: ఏప్రిల్ చివర్నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్. ఆగస్టు వద్దు, 15వ తారీకు వాళ్ళకి పెద్ద పండగ, దేశం మొత్తం సెలవులో ఉంటది.

ప్రశ్న: మేము ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినం. పల్లెటూళ్ళలో ఏం దొరుకుతుంది? ఇంటి నుంచి ఏం పట్టుకెళ్ళచ్చు?
– అరండల్ పేట, గుంటూరు

జవాబు: పస్తులైతే ఉండరు. కానీ 'వెజిటేరియన్' అంటే కొంతమందికి చేప తింటారనే లెక్క, అందుకే 'సెంజా కార్నే, సెంజా పెషే, సెంజా ఉఓవా' అని మూడూ చెప్పండి, మాంసం లేకుండా, చేప లేకుండా, గుడ్డు లేకుండా అని. పచ్చి పాస్తా చాలావరకు గుడ్డుతో కలుపుతారు, ఎండు పాస్తా అడగండి. టస్కనీ వైపు పీచీ అని లావు నూడుల్స్ లాంటివి ఉంటాయి, మామూలుగా పిండీ నీళ్ళే, వెల్లుల్లి టమాటా సాస్‌తో తింటే మనవాళ్ళకి నచ్చుతుంది, అయినా అడిగి తినండి. చిక్కుడు గింజల సూపు, పప్పు సూపు అని సంబరపడకండి, అడుగున పంది మాంసం ముక్కలు వేసి ఉండచ్చు. పార్మేజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు, పట్టింపు ఉంటే అది కూడా వద్దనండి. పల్లెల్లో మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడున్నరకే, మధ్యలో ఎంత బతిమాలినా పొయ్యి వెలగదు.

కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి గట్టిగా ప్యాక్ చేసుకుని సూట్‌కేసులో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాలవస్తువులు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. అక్కడి ఆలివ్ నూనె వేడన్నంలో కందిపొడి మీద వేసుకుని చూడండి, నెయ్యి లేని లోటు నాకైతే పెద్దగా తెలియలేదు.

ప్రశ్న: మేము వన్ టౌన్‌లో కొండ మీద ఉంటాం. రోజూ నూటపది మెట్లు, చిన్నప్పుడు బిందెలతో నీళ్ళు మోశాం. మీరేమో లక్షలు పోసి కొండలెక్కమంటున్నారు. అసలు వాళ్ళు అంత పైన ఊళ్ళు ఎందుకు కట్టుకున్నారండీ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదేనండి. కింద చోటు లేక మనవాళ్ళు పైకెక్కారు, వాళ్ళు కింద భయమేసి ఎక్కారు. మన కొండవీడు కట్టిన రెడ్డిరాజులకి ఉన్న భయమే, శత్రువు వస్తుంటే దూరం నుంచే కనపడాలి. రెండోది మలేరియా. ఆ మాటే ఇటాలియన్, 'మాల ఆరియా' అంటే చెడ్డ గాలి, పల్లంలో బురద నేలల గాలి వల్లే జ్వరం వస్తుందనుకునేవాళ్ళు, దోమ సంగతి తెలీదు, అయినా పైకెక్కితే జ్వరం తగ్గేది.

మరి నీళ్ళు? మీ బిందెల బాధే వాళ్ళదీ. 1527లో రోమ్‌ని సైన్యం దోచుకుంటే ఏడో క్లెమెంట్ పోప్ తప్పించుకుని ఒర్వియేతోకి వచ్చాడు, ఇక్కడ కూడా ముట్టడిస్తే నీళ్ళెలా అని బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 53 మీటర్ల లోతు, రెండు మెట్ల దారులు మెలికలు తిరుగుతూ ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి, గాడిదలు ఒకదాన్లో ఖాళీగా దిగి ఇంకోదాన్లో నీళ్ళతో ఎక్కేవి, ఎదురుబొదురు పడే పనే లేదు. దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి 248. పదేళ్ళు పట్టింది, పాపం పోప్ అది పూర్తయ్యేలోపే పోయాడు. ఇందాక బ్రాడీపేట ఆవిడకి ఈ బావి ఎందుకు చెప్పలేదో అర్థమైందిగా.

మీరు చూడాల్సింది మాత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న చివితా ది బాన్యోరేజో. దీపం కొండెక్కింది అంటాం కదా, ఈ ఊరు అలాగ, వాళ్ళే దీన్ని 'చచ్చిపోతున్న ఊరు' అంటారు. పైన రాయి, కింద బంకమట్టి, వానకి మట్టి కొట్టుకుపోయి అంచు రాయి విరిగి పడుతూ ఉంటది, అంచున ఉన్న ఇళ్ళు కూడా పోయాయి. 1695 భూకంపం తర్వాత జనం పక్కకి వెళ్ళిపోయారు, ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 2024 వానలకి మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడ్డది మీకు నేను గుర్తుచేయక్కర్లేదు, అందుకే ఆ అంచు దగ్గర నిలబడితే మిగతా టూరిస్టులకి వ్యూ కనపడుద్ది, మీకు వేరేది కనపడుద్ది. ఊళ్ళోకి కార్లు పోవు, 1965లో కట్టిన నడక వంతెన ఒక్కటే దారి, 2013 నుంచి టికెట్ పెట్టారు, ఇప్పుడు 5 యూరోలు. ఒర్వియేతో నుంచి పక్క ఊరు బాన్యోరేజోకి బస్సు ఉంది, ఆదివారం మాత్రం నమ్ముకోకండి. వంతెన చివర్న ఎత్తు బాగా ఎక్కువ, అక్కడ అందరూ కమ్మీ పట్టుకుని ఆయాసపడుతుంటారు, మీరు ఆగకుండా వెళ్ళిపోండి.