గాలి తగిలితే చచ్చిపోయే బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసింది. ఆక్సిజన్ లేనిచోట బతికే బ్యాక్టీరియా యాంటీబయాటిక్స్‌కు ఎలా లొంగకుండా పోతోందో దానిమీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అందరూ బయోఇన్ఫర్మాటిక్స్, ఏఐ అంటుంటే ఇదేంటని మాకు టెన్షన్‌గా ఉంది. రెండింటిలో ఏది మంచిది? - ఒక తండ్రి

జవాబు: సబ్జెక్టు పేరు మారుతుంది కానీ ఇలాంటి ఉత్తరాలన్నిటి వెనకా ఉండే భయం ఒకటే: ఇన్నేళ్లు చదివి బిడ్డ ఎటూ కాకుండా పోతుందేమోనని. మీ అమ్మాయి విషయంలో ఆ భయం అక్కర్లేదు.

ఈ బ్యాక్టీరియా మన పేగుల్లో, నోట్లో ఉండేదే. అపెండిక్స్ పగిలినప్పుడు బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ లాంటివి పొట్టలోకి చేరి చీము పట్టిస్తాయి. జెంటామైసిన్ వీటిమీద పనిచేయదు, ఎందుకంటే ఆ మందు కణంలోకి వెళ్లాలంటే ఆక్సిజన్ వాడుకునే శ్వాసక్రియ జరగాలి. మెట్రోనిడజోల్ బాగా పనిచేస్తుంది, కానీ దాన్ని తట్టుకునే రకాలూ కనిపిస్తున్నాయి. ఏ మందుకు ఈ బ్యాక్టీరియా లొంగుతుందో చూసే పరీక్షే చాలా ఆసుపత్రి ల్యాబుల్లో చేయరు. ఆక్సిజన్ లేని ఛాంబర్ కావాలి, ఫలితానికి రోజుల తరబడి ఆగాలి. అందుకే డాక్టర్లు చాలాసార్లు అంచనాతోనే మందు రాస్తారు. ఈ పని చేతికొచ్చినవాళ్లు తక్కువ.

ఇక బయోఇన్ఫర్మాటిక్స్, అంటే జన్యువుల సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం. మంచి విద్యే. కానీ కొన్ని నెలల కోర్సుతో జీవితం స్థిరపడిపోతుందన్న ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పంపిన డేటా వేసి రిపోర్టు తీసే పని ముందుముందు ఎంతమందికి దొరుకుతుంది? ఈ రంగంలోనే చూడండి. ఫ్రాజిలిస్‌లో సీఎఫ్ఐఏ అనే జన్యువు ఉంటే కార్బపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్స్ పనిచేయకపోవచ్చు. కానీ చాలా రకాల్లో అది ఉండీ మౌనంగా ఉంటుంది. దాని ముందు మరో డీఎన్ఏ ముక్క వచ్చి చేరితేనే గట్టిగా పనిచేయడం మొదలుపెడుతుంది. అంటే జన్యువు ఉన్నంత మాత్రాన మందు పనిచేయదని తేల్చలేం. బ్యాక్టీరియాను పెంచి, మందు వేసి చూడాల్సిందే. ఆ పని తెలిసినవాళ్లు జీనోమ్ (బ్యాక్టీరియా మొత్తం డీఎన్ఏ) చదవడం తర్వాతైనా నేర్చుకోవచ్చు, పీహెచ్‌డీలో ఎలాగూ నేర్చుకుంటారు. కంప్యూటర్ ముందు నుంచి ల్యాబ్‌లోకి రావడం అంతకన్నా కష్టం.

కష్టాలు లేవనను. స్టైపెండ్ తక్కువ, శాశ్వత ఉద్యోగాలు పరిమితం. కొత్త యాంటీబయాటిక్స్ పరిశోధన నుంచి కొన్ని పెద్ద కంపెనీలు తప్పుకున్నాయి. నోవార్టిస్ 2018లో ఆపేసింది. అయితే డయాగ్నస్టిక్ ల్యాబులున్నాయి, పేగు బ్యాక్టీరియాతో మందులు చేసే కంపెనీలున్నాయి. తీవ్రమైన విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తిరగబెట్టకుండా 2023లో అమెరికాలో అనుమతి పొందిన వౌస్ట్ క్యాప్సూల్స్‌లో ఉన్నది పేగు బ్యాక్టీరియా సిద్ధబీజాలే (స్పోర్లే).

ఒక మాట కటువుగా చెప్పాలి. అందరూ ఏమంటున్నారో రాశారు. అమ్మాయికి ఇది ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా? ఎమ్మెస్సీ చదివిన పిల్ల తన సబ్జెక్టు తానే ఎంచుకుంటే దాన్ని మొండితనమనుకోకండి.

ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. మీరిద్దరూ ఆరా తీయాల్సింది గైడ్ గురించి. ఆ ల్యాబ్‌లో ఆక్సిజన్ లేని సొంత ఛాంబర్ ఉందా? ఆసుపత్రి నుంచి శాంపిల్స్ వస్తాయా? పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు? వీలైతే చేరేముందు కొన్ని నెలలు అక్కడే ప్రాజెక్టు చేయనివ్వండి.