వీసా ఒకరిదే అయినా లెక్క ఇద్దరిదీ వేయండి

చిరంజీవులు అమ్ములుకి, అల్లుడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ వచ్చి విదేశం సంగతి చెప్పి వెళ్లినప్పటి నుంచి నా మనసు దానిమీదే ఉంది. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాం, అందుకే రాస్తున్నాను. ఇక్కడ బెంగళూరులో కంపెనీ మనుషుల్ని బయటి దేశాలకు పంపే పని చాలా ఏళ్లు చూశాను కాబట్టి, ఎవరు ఎక్కడ ఇరుక్కుంటారో నాకు బాగా తెలుసు.

"ఈయనకి ఏ దేశం వీసా తొందరగా వస్తుంది పెద్దమ్మా?" అని అడిగావు. మరి నీ సంగతేమిటి అమ్ములూ? అక్కడ దిగాక నువ్వు ఉద్యోగం చేసుకోవచ్చా, లేదా? ఏ దేశం పేరు ఎత్తినా ముందు ఈ మాట తేల్చుకోండి. ఇక్కడ టీమ్ లీడ్‌గా పనిచేసిన పిల్లలు అమెరికాలో హెచ్‌4 మీద, అంటే హెచ్‌1బి ఉద్యోగ వీసా ఉన్న భర్త వెంట వెళ్లే వీసా మీద, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవడం చూశాను. ఆ బాధ డబ్బుతో తీరేది కాదు. భర్తకి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యాకో, హెచ్‌1బి ఆరేళ్లు దాటి పొడిగించాకో గాని హెచ్‌4 వాళ్లకి ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే కార్డు, రాదు. అదే అల్లుడి కంపెనీ అక్కడి ఆఫీసుకి బదిలీ వీసా ఎల్‌1 మీద పంపితే, దాని తోడు వీసా ఎల్‌2లో వెళ్లే నువ్వు విడిగా కార్డు కోసం ఆగకుండా పనిచేసుకోవచ్చు. 2021 నవంబరు నుంచి ఆ రూలు ఉంది. ఎల్‌1కి గత మూడేళ్లలో కనీసం ఏడాది పాటు ఆగకుండా అదే కంపెనీలో, అమెరికా బయట పనిచేసి ఉండాలి. అందుకని అల్లుడు ఇప్పుడు జీతం కొంచెం పెరుగుతుందని కంపెనీ మారితే ఆ ఏడాది మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. పైగా ఇండియాలో ఉన్నవాళ్లకి కొత్తగా వేసే హెచ్‌1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబరులో పెట్టారు. హెచ్‌1బి వీసాలకి తీసే లాటరీ తగిలినా ఎన్ని కంపెనీలు అంత కడతాయి?

జర్మనీ బ్లూ కార్డు, ఐర్లండ్ క్రిటికల్ స్కిల్స్ పర్మిట్, నెదర్లాండ్స్ హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ వీసా, ఈ మూడింట్లోనూ వెంట వెళ్లినవాళ్లు కూడా ఉద్యోగం చేసుకోవచ్చు. మీలాంటి జంటకి నేనైతే ముందు ఇవే చూడమంటాను. జర్మనీకి మాత్రం మీ కాలేజీ డిగ్రీని వాళ్లు గుర్తిస్తారో లేదో అనాబిన్ అనే డేటాబేస్‌లో ఇవాళే వెతకండి. ఛాన్సెన్‌కార్టే అని ఇంకోటి వినిపిస్తుంది, ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చేది. అది ఎవరి అర్హత మీద వాళ్లు తెచ్చుకోవాల్సిందే, జంటకి పనికొచ్చేది కాదు. సింగపూర్‌లో భర్త వెంట డిపెండెంట్ పాస్ మీద వెళితే 2021 మే నుంచి ఉద్యోగానికి విడిగా వర్క్ పాస్ కావాలి.

బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో కూడా ఇద్దరూ పనిచేసుకోవచ్చు, కానీ ఖర్చు చూసుకోండి. 2025 జులై 22 నుంచి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపించాలి. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, అదీ వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ముందే కట్టాలి. ఐదేళ్లకి ఇద్దరికీ కలిపితే 10,350. అది కంపెనీ కడుతుందా, కడితే నీది కూడా కడుతుందా అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. మాటమీద వదలొద్దు.

ఇక అసలు అప్లికేషన్ ఎవరి పేరు మీద వేయాలి? మగవాడి పేరు మీదే అని ముందే అనుకుని కూర్చోకండి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ చూడు, పాయింట్లు లెక్కేసి శాశ్వత నివాసానికి పిలిచే పద్ధతి అది. జంటగా వేస్తే వయసుకి పూర్తి 100 పాయింట్లు 29 దాకానే. 30 నుంచి ఏటా ఐదు తగ్గుతాయి. నీకు 29, అల్లుడికి 34, అంటే అతనికి 75. ఆ పాతిక చిన్నది కాదు. రెండోవాళ్లు కూడా ఇంగ్లిష్ పరీక్ష రాస్తే 20 దాకా, చదువుకి 10 దాకా కలుస్తాయి. కాబట్టి పరీక్ష ఇద్దరూ రాయండి. ఒకసారి నీ పేరు పైన, ఒకసారి అతని పేరు పైన పెట్టి లెక్క కట్టండి. ఎవరిది ఎక్కువ వస్తే వాళ్లదే అసలు అప్లికేషన్. పెద్దవాళ్లు ఏమంటారో నాకు వదిలెయ్యి, మీ అత్తగారితో నేను మాట్లాడతాను. జాబ్ ఆఫర్ ఉంటే పాయింట్లు కలుస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి, 2025 మార్చి 25న తీసేశారు.

కాగితాల దగ్గర నాకు ఎక్కువ భయం. మనవాళ్ల పేర్లు చూశావు కదా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా. డిగ్రీలో సత్యకి హెచ్ ఉంటుంది, పాన్ కార్డులో ఉండదు. ఒక సాయంత్రం కూర్చుని ఇద్దరి సర్టిఫికెట్లూ మంచం మీద పరిచి, పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉన్నవి ఇప్పుడే దిద్దించండి. నీ ఇంటిపేరు మార్చాలని చట్టంలో ఎక్కడా లేదు. నీ మార్కుల మెమోలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అన్నీ పుట్టింటి పేరుతోనే ఉన్నాయి, పాస్‌పోర్టు కూడా అలాగే ఉండనీ.

పెళ్లి రిజిస్టర్ చేయించారా? మండపం వాళ్లు ఇచ్చిన రసీదు, ఆల్బమ్ ఏ కాన్సులేట్‌కీ చాలవు. తెనాలి వెళ్లలేకపోతే మీరు ఉంటున్న మారతహళ్లి ఏరియా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవచ్చు. శుభలేఖ ఒకటి జాగ్రత్తగా దాచి ఉంచండి, అడుగుతారు. అల్లుడు ఇంకా ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఉన్నాడని విన్నాను. యూనివర్సిటీకి రాసి ఓడీ, అంటే అసలు డిగ్రీ పట్టా, తెప్పించుకోమను, ట్రాన్‌స్క్రిప్టులకీ అప్పుడే పెట్టమను. పాత కంపెనీల నుంచి లెటర్ అడిగేటప్పుడు హోదా, తేదీలు ఒక్కటే కాదు, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం కూడా ఉండాలి. మేనేజర్లు కంపెనీ వదిలి వెళ్లిపోకముందే అడగండి. పోలీస్ క్లియరెన్స్ మాత్రం ఇప్పుడే తీసుకోవద్దు, అప్లికేషన్ వేసే సమయానికి కొత్తది కావాలి.

చివరగా ఏజెంట్లు. "సీఓఎస్ ఇప్పిస్తాం, పదిహేను లక్షలు" అనేవాళ్ల గడప తొక్కకండి. సీఓఎస్ అంటే బ్రిటన్ కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్. స్పాన్సర్‌షిప్ అమ్ముకోవడం అక్కడ చట్టవిరుద్ధం, పట్టుబడితే డబ్బుతో పాటు మీ వీసా కూడా పోతుంది. బ్రిటన్‌లో ఏ కంపెనీకి లైసెన్స్ ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది, వెతికి చూడండి. మన దగ్గర విదేశీ ఉద్యోగం చూపించే ఏజెంటు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. కెనడా కన్సల్టెంటు అయితే, కన్సల్టెంట్లకి లైసెన్సు ఇచ్చే అక్కడి కాలేజీ ఆఫ్ ఇమిగ్రేషన్‌లో సభ్యుడా కాదా అన్నది వాళ్ల రిజిస్టర్‌లోనే కనిపిస్తుంది. ఇంకో మాట, ఈ ఫీజులు, రూల్సు మారుతూనే ఉంటాయి. డబ్బు కట్టే రోజు ఆ దేశం ప్రభుత్వ సైట్ మరోసారి చూసి కట్టండి.

ఏ ఆఫర్ వచ్చినా సంతకం పెట్టకముందు నాకు పంపండి. డిపెండెంట్ గురించి ఏం రాశారో ఇద్దరం కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ