బత్తాయి తొక్కల కుప్ప, వానపాముల పరుగు

ప్రశ్న: జ్యూస్ బండ్ల దగ్గర్నుంచి రోజూ నాలుగైదు సంచుల బత్తాయి తొక్కలు, పిప్పి తెచ్చి ఎరువు కోసం కుప్ప పోస్తున్న. పది రోజులకే పులిసిన వాసన, అడుగున నల్లనీళ్లు, పైన ఈగలు. కొంత తీసి వానపాముల తొట్టిలో వేస్తే తెల్లారేసరికి పాములు గోడలెక్కినయ్. కుప్పను కుళ్లబెట్టే కల్చర్ పొడి తక్కువైందా?
– ఒక రైతు, కనగల్

జవాబు: పొడి సంగతి పక్కన పెట్టండి. కుప్పకు గాలి ఆడలేదు, అదీ జబ్బు. పచ్చి తొక్కలో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. ఒకదానిమీద ఒకటి అణిగి ముద్దయితే లోపల గాలి లేక పులుస్తుంది. పైగా తొక్కలో పులుపు, గోటితో గిల్లితే చిమ్మే ఆ నూనె రెండూ వానపాములకు పడవు. పారిపోక ఏంచేస్తాయి?

ముందు స్ట్రాలు, కవర్లు ఏరేయండి. తొక్కల్ని ముక్కలు చేసి పట్టా మీద పలచగా ఒకట్రెండు రోజులు ఎండనివ్వండి. 100 కిలోలు 70 దాకా దిగితే చాలు, గలగలలాడేలా ఎండక్కర్లేదు. దానికి 30 కిలోల పల్లికాయ పొట్టు గానీ నరికిన వరిగడ్డి గానీ, 20 కిలోల పేడ, ఒక గంపెడు పాత ఎరువు కలపండి. పొరలుగా వేయడం కన్నా పారతో కలిపేయడమే మేలు. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున తడి మెరవాలి, ధార కారకూడదు. కారితే ఇంకాస్త పొట్టు.

కుప్ప మీటరు ఎత్తు, మీటరున్నర వెడల్పు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. మూడో రోజు ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీయండి. పట్టుకోలేనంత కాలితే లోపల 55 డిగ్రీలు దాటినట్టే. అయిదారు రోజులకోసారి తిరగేస్తూ అంచుల్లోది నడిమికి తోయండి. వేడి తగలని అంచుల్లో బత్తాయి గింజలు బతికిపోయి తర్వాత మొలకెత్తుతాయి. ఎండాకాలం పైన తడి గోనె కప్పాలి, లేదంటే పైపొర పెళుసెక్కి పని ఆగిపోతుంది.

తిరగేసినా వేడెక్కకుండా, మట్టి వాసన వచ్చాకే వానపాములకు పెట్టండి, అదీ ముందు ఒక మూల గుప్పెడు. ఆ ఎరువును బత్తాయి తోటకే వేస్తే పాదు అంచున చల్లండి. మొదలుకు ఆనించి పోస్తే తడి నిలిచి బంక కారే తెగులుకు దారి ఇచ్చినట్టే.

ప్రశ్న: మా దగ్గర రైస్ మిల్లు ఊక ఊరికే దొరుకుతది. వట్టి ఊకతోనే ఎరువు చేయొచ్చా? బాయిలర్ బూడిద కలపాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వట్టి ఊక ఏడాదైనా ఊకలాగే ఉంటుంది. దానిలోని సిలికా త్వరగా కుళ్లనివ్వదు, నీళ్లు పోస్తే పైనుంచి జారిపోతాయి. ముందు పశువుల కొట్టంలో పరిచి మూత్రం పట్టనివ్వండి, ఆ తర్వాత కుప్పలో పదో వంతుకు మించకుండా కలపండి. బూడిద వద్దు. దాని క్షారం పచ్చిపేడకు తగిలితే ముక్కు మండే అమ్మోనియా లేస్తుంది, అంటే నత్రజని గాల్లో కలిసినట్టు.